ముందు నా బిడ్డకు చెప్పాలె

మానసిక వైద్య విభాగంలో నర్సుగా రిటైరయ్యానని చెబితే ఇప్పటికీ కొందరు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు, ఆ జబ్బు నాకూ కొంచెం అంటుకుని ఉంటుందేమోనన్నట్టు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏదని. పిట్టగోడ ఎక్కిన మనిషిని మాటల్లో పెట్టి దించిన కథలాంటిదేదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది మాత్రం, అడిగిన మాటకు జవాబు చెప్పడానికి కొంత వ్యవధి కావాలన్న ఒక తల్లి గురించి.

ఆసిఫాబాద్‌లో ఉద్యోగం మొదలుపెట్టి, బోథ్‌లో కొంతకాలం చేసి, మిగతా సర్వీసంతా కరీంనగర్‌లోనే గడిపాను. చివరి సంవత్సరాల్లో వారానికోసారి జీపులో చొప్పదండి వెళ్ళి, అక్కడ ఒక గదిలో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ళ రోగులను చూసేవాళ్ళం. డాక్టరమ్మ, నేను, మందులిచ్చే ఫార్మసిస్టు. డాక్టరమ్మ వయసులో నాకంటే చాలా చిన్నది. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కానీ ఎవరైనా రోగిని జబ్బు పేరు పెట్టి పిలిస్తే మాత్రం, పిలిచినవాడు పేరు సరిదిద్దుకునేదాకా అలాగే చూస్తూ ఊరుకునేది. ఆ చూపు కంటే తిట్టు నయం. ఫార్మసిస్టు పొద్దున జీపెక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా ఏదో ఒకటి సణుగుతూనే ఉండేవాడు. అయినా ఏ రోగి ఏ బస్సుకు పోవాలో గుర్తుపెట్టుకుని, దూరం ఊళ్ళవాళ్ళకు ముందు మందులిచ్చి పంపేది ఆయనే.

అలా ఉండగా నగరం నుంచి ఒక పరిశోధన బృందం మా దగ్గరికి వచ్చింది. ఊళ్ళలో ఉండి ఏళ్ళ తరబడి ఈ మందులు వాడేవాళ్ళకు ఏమవుతోంది, ఎవరు నిలదొక్కుకుంటున్నారు, ఎవరికి ఎందుకు తిరగబెడుతోంది అన్నది వాళ్ళకు కావాలి. అందుకు మా రోగుల పాత రికార్డులు చూడాలి. పేర్లు తీసేసి చూస్తారు. అయినా రోగుల అనుమతి ఉండాలి. ఆ అనుమతులు తీసుకోవడానికి ఒక కుర్ర పరిశోధకుణ్ణి పంపించారు. మంచివాడు, పనిమంతుడు. మొదటిరోజే మందుల వరుస పక్కన నిలబడి, మధ్యాహ్నానికల్లా వచ్చినవాళ్ళందరి చేతా సంతకాలూ వేలిముద్రలూ పెట్టించేశాడు. ఒక్కరు కూడా కాదనలేదని సంబరపడ్డాడు.

ఆ మాట విని డాక్టరమ్మ బయటికి వచ్చి, బస్సు కోసం కూర్చున్న ఒక ముసలమ్మను, ఇందాక వేలిముద్ర దేనికి వేశావని అడిగింది.

"గోలీలకే గద బిడ్డా," అంది ఆమె. "ఎయ్యకుంటే ఇయ్యరాయె."

డాక్టరమ్మ ఆ కాగితాలన్నీ పక్కన పెట్టించింది. అవి చెల్లవంది. కుర్రవాడి ముఖం వాడిపోయింది. అతణ్ణి కూర్చోబెట్టి చెప్పింది, మందుల కోసం చెయ్యి చాచిన మనిషి దేనికీ వద్దనడని, అది అనుమతి కాదని. ఇకమీదట మందులు చేతికి ఇచ్చిన తర్వాతే అడగాలి. వద్దన్నవాళ్ళను రెండోసారి అడగకూడదు. ఫార్మసిస్టు మాత్రం, చేతికి గోలీలొచ్చాక ఎవరాగుతారు మేడం, బస్సు చూసుకుంటారు అన్నాడు. ఆయన అన్నదాంట్లో కొంత నిజమయింది కూడా. చాలామంది ఆగలేదు. కానీ ఆగినవాళ్ళు మాట్లాడారు. అంతకుముందు అన్నేళ్ళలో వాళ్ళు మాతో అంతగా మాట్లాడి ఉండరు.

మరమగ్గాల మీద పనిచేసే ఒకాయన, ఈ సంగతి తన సేటుకు చేరుతుందా అని అడిగాడు. నిద్రమత్తు గోలీలు మింగుతాడని తెలిస్తే మగ్గాలు అప్పగించరని ఆయన భయం. చేరదని నమ్మకం కుదిరాక ఒప్పుకున్నాడు. తనలాంటివాళ్ళు ఇంకెందరున్నారో తెలిస్తే తనకూ చెప్పమన్నాడు. మళ్ళీ గల్ఫ్‌కు పోయే ప్రయత్నంలో ఉన్న మరొకాయన, డాక్టరమ్మ కళ్ళలోకి చూస్తూ, ఇవ్వను అన్నాడు. సరేనని ఆమె నిద్ర ఎలా పడుతోందని అడిగి, పై నెల ఎప్పుడు రావాలో చెప్పింది. పై నెల ఆయన అందరికంటే ముందొచ్చాడు. పలకరింపులో ఏమైనా తేడా వస్తుందేమో చూద్దామని వచ్చాడని నా అనుమానం. తేడా ఏమీ లేదు. తర్వాత ఆయన చెల్లెల్ని కూడా వైద్యానికి తీసుకొచ్చాడు. పొలాల్లో కైకిలికి, అంటే కూలికి పోయే ఒకామె మాత్రం వెంటనే ఒప్పుకుంది. "నా తాన ఏదన్న అడిగి తీస్కున్నది గిదే మొదాలు," అని నవ్వింది.

ఇక ఆ తల్లి సంగతి.

చొప్పదండికి దగ్గరలోని ఒక ఊరు వాళ్ళది. కాలువ కింద వరి సాగు. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో ఆమె, అత్త, ఒక్కతే కూతురు. ఆ కూతురు పుట్టిన కొన్ని వారాలకు ఆమెను మా వార్డుకు తీసుకొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. కాన్పు తర్వాత కొందరికి అరుదుగా మనసు పూర్తిగా అదుపు తప్పుతుంది. నిద్ర పట్టదు. లేని గొంతులు వినిపిస్తాయి. ఆ పసిపిల్లకు ఏదో ఆపద రాబోతోందని, నీళ్ళలో వదిలితేనే పిల్ల బతుకుతుందని ఈమెకు వినిపించింది. ఒకరోజు పొద్దున్నే పిల్లను ఎత్తుకుని పొలం దగ్గరి బావికి వెళ్ళింది.

అత్త వెనకాలే వెళ్ళింది. ఆమె కేకలు వేయలేదు, పరుగెత్తలేదు. అరిస్తే దూకుతుందని తోచిందట. మెల్లగా పోయి బావి గట్టు మీద కోడలి పక్కన కూర్చుంది. వరి ఎంత పచ్చగా వచ్చిందో చెప్పింది. ఎదురింటి బర్రె ఈనిన సంగతి చెప్పింది. అలా ఎంతసేపో కూర్చుని, "ఎండ పడ్తుంది, పొల్లను జర నాకియ్యి. నువ్వు నెత్తికి నూనె పెట్టుకుందువు," అందట. కోడలు పిల్లను ఇచ్చేసింది. బావి సంగతి తెలియని ఊరివాళ్ళు గాలి సోకిందన్నారు, ఎవరో మంత్రగాడి పేరు కూడా చెప్పారు. ఆ అత్త ఎవరి మాటా వినకుండా ఆటోలో కోడలిని కరీంనగర్ తెచ్చింది. వార్డులో ఆమె మంచం పక్కనే చాప వేసుకుని, పిల్లను పాలకు అందిస్తూ, పాలు తాగినంతసేపూ ఒక చెయ్యి పిల్ల మీద ఉంచి కూర్చునేది. కోడలికి నయమయింది. మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగబెట్టినా, మందులు మానకుండా, పొలం పని, ఇంటి పని, మహిళా సంఘం పని చేసుకుంటూ పన్నెండేళ్ళు గడిపింది. మస్కట్‌లో ఉన్న కొడుక్కి మాత్రం అత్త అప్పట్లో, బాలింత జ్వరం, దవాఖానాలో పెట్టినం అని చెప్పి ఊరుకుంది. అదే అలా ఉండిపోయింది, సెలవుకు వచ్చినప్పుడు చూసిన గోలీలు బలానికనే అతను అనుకున్నాడు.

పరిశోధకుడికి ఆమె రికార్డు ముఖ్యంగా కావాలి. కాన్పు తర్వాత వచ్చే ఈ జబ్బు నుంచి బయటపడి, అన్నేళ్ళు వైద్యంలో ఉన్నవాళ్ళు దొరకడం కష్టమట. మందులు ఇచ్చాక డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, ఎవరు చూస్తారో, ఎందుకు చూస్తారో దాచకుండా చెప్పింది. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది, బావి సంగతి అందులో ఉందా అని. ఉందని డాక్టరమ్మ చెప్పింది.

"అయితే నాకు కొన్ని రోజులు టైమియ్యుండ్రి మేడం. ముందు నా బిడ్డకు చెప్పాలె."

పేరు ఉండదు, ఊరు ఉండదు, అమ్మాయికి తెలియవలసిన అవసరమే రాదని డాక్టరమ్మ నచ్చజెప్పబోయింది.

"పేరు లేకుంటేంది మేడం, అండ్ల ఉన్న పొల్ల నా బిడ్డనే గద. ఎవలో ఎరుకలేనోళ్ళు సదువుతరు, నా బిడ్డకు మాత్రం ఎరుక ఉండదు. గది నాకు మంచిగనిపిస్తలేదు."

అప్పటికి నా ఉద్యోగం ముప్పై ఏళ్ళు దాటింది. అనుమతి అంటే సంతకం చేసే మనిషి వరకే ఆలోచించేవాళ్ళం మేమంతా. తన కథలో ఇంకొకరు ఉన్నారని, వాళ్ళకూ అందులో వాటా ఉందని ఆమెకు తోచింది. జీపులో తిరిగి వస్తుంటే ఫార్మసిస్టు కూడా సణగలేదు.

మూడోనాడు అత్త ఒక్కతే కరీంనగర్ వార్డుకు వచ్చి నన్ను పట్టుకుంది. చాలా కోపంగా ఉంది.

"సిస్టరమ్మా, కప్పెట్టినదాన్ని తవ్వుతరా మీరు? పొల్ల పెద్దదైతుంది. రేపు గది విని తల్లిని చూసి భయపడితె ఎవలది జిమ్మెదారి? పన్నెండేండ్లు నా కడుపుల పెట్టుకున్న. నా కొడుక్కు గూడ చెప్పలే."

ఆమె మాట తీసిపారేయదగింది కాదు. ఆ రహస్యాన్ని ఆమె దాచింది పరువు కోసం కాదు, కోడలి కోసం. ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరిశోధన తరఫున ఒక్క ముక్క వాదించలేదు. ఆ రికార్డు ఇవ్వకపోయినా ఏమీ కాదని, అసలా ఊసే వదిలేయమని అంది. పిల్లకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం మీ ఇద్దరూ తేల్చుకోవలసిందేనంది. ముసలామె చాలాసేపు కొంగు మడతలు పెడుతూ కూర్చుంది. చివరికి, చెప్పేటప్పుడు తనూ పక్కన ఉంటానని మాత్రం అని లేచింది.

అమ్మాయి గురుకులంలో చదివేది. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ముగ్గురూ కరీంనగర్‌లో మా దగ్గరికి వచ్చారు. ఇంట్లో చెబితే గోడ అవతలివాళ్ళ చెవిన పడుతుందని, మా గది అడిగింది తల్లి. డాక్టరమ్మ ముందే ఆమెతో కూర్చుని, పిల్లలకు ఇలాంటివి ఎలా చెప్పాలో, ఏది ముందు చెప్పాలో మాట్లాడింది. ఆ మధ్యాహ్నం నేను తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాను. ఉండమన్నది ఆ తల్లే. అమ్మాయి వయసుకు మించిన పొడవు. ఏదో పెద్ద జబ్బు మాట చెబుతారని భయపడుతున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తల్లి ఏడవకుండా చెప్పింది.

"నువ్వు పుట్టినంక నాకు పానం బాగలేకుండయింది బిడ్డా. కాలుకో చేయికో కాదు, మనసుకు. నెలనెలా నేను తెచ్చుకునే గోలీలు గందుకే. అప్పుడు నాకు నిద్ర లేదు, లేని మాటలు ఇనవడ్డయి. నిన్ను నీళ్ళల్ల ఇడిస్తేనే నువ్వు బతుకుతవని ఇనవడ్డది. నేను నమ్మిన. నిన్ను ఎత్తుకొని బాయికాడికి పోయిన. బాపమ్మ వచ్చి నిన్ను తీస్కున్నది. గంతే అయ్యింది. నీకేం గాలే. గని నేను పోయింది మాత్రం నిజం. గీ మాట నీకు ఇంకెవలన్న చెప్పకముందు నేనే చెప్పాలనుకున్న."

అమ్మాయి మెల్లగా తన కుర్చీని బాపమ్మ వైపు జరుపుకుంది. ఎంతో కాదు, కొంచెమే. ఆ కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకున్న చప్పుడు విని ఆ తల్లి ముఖంలోకి చూశాను. ఆమె కళ్ళు దించుకోలేదు, రమ్మని చెయ్యీ చాచలేదు. కూతురికి ఆ కాస్త దూరం కావాలని అర్థం చేసుకున్నట్టు అలాగే కూర్చుని ఉంది. సర్వీసులో నేను చాలా ధైర్యాలు చూశాను. అంతటిది మళ్ళీ చూడలేదు.

కాసేపటికి అమ్మాయి అడిగింది, "నేను ఏడ్చిన్నా?"

"లేదు బిడ్డా," అంది బాపమ్మ. "నువ్వు మంచిగ నిద్రపోతున్నవు. నేను ఎత్తుకుంటె గూడ లేవలే."

ఆ తర్వాత ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇప్పుడూ ఆ మాటలు వినిపిస్తాయా అని. వినిపించవని, వినిపిస్తే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో తనకు తెలుసని తల్లి చెప్పింది. తనకూ ఆ జబ్బు వస్తుందా అని. దానికి డాక్టరమ్మ జవాబు చెప్పింది, ఉన్నది ఉన్నట్టు, భయపెట్టకుండా. చివరికి అమ్మాయి, "బాపుకు ఎరుకనా?" అంది.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న వస్తుందని మేమెవరం అనుకోలేదు. అబద్ధం చెప్పింది తనే కాబట్టి తనే చెబుతానంది ముసలామె. ఆ సాయంత్రమే కొడుక్కి ఫోను చేసిందట. అతను విని ఫోను పెట్టేశాడు. కొన్ని రోజులు అసలు చేయలేదు. ఆ రోజుల్లో ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. తర్వాత చేసి, అప్పుడే చెబితే పరుగెత్తుకుని వచ్చేవాణ్ణి కదా అని తల్లిని నిలదీశాడట. వస్తవనే చెప్పలే బిడ్డా అందట ఆమె. ఆపైన భార్యతో చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అడగడమే పనిగా బతికినవాళ్ళకు ఎక్కడ ఆగాలో కూడా తెలిసి ఉండాలి. ఆ ఏడాది అతను మామూలుగా వచ్చే సెలవుకంటే ముందే ఊరికి వచ్చాడని మాత్రం తెలుసు.

మళ్ళీ చొప్పదండి క్యాంపుకు అత్తాకోడళ్ళు కలిసి వచ్చారు. అమ్మాయి బడికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు, ఇయ్యి గని నా పేరు, మన ఊరి పేరు రాయొద్దని చెప్పు అందట. అవి ఎలాగూ ఉండవని డాక్టరమ్మ చెప్పింది. అయినా పరిశోధకుణ్ణి పిలిచి ఆ మాట అతని నోటితో కూడా చెప్పించుకుంది ఆ తల్లి. సంతకం పెట్టేముందు ఇంకో మాట అంది.

"రాసేదుంటె మా అత్త ఏం చేసిందో గది గూడ రాయుండ్రి. నేను బాయికాడికి పోయింది ఉన్నదంటున్నరు. ఆమె వచ్చి కూసున్నది ఉన్నదా?"

పరిశోధకుడు వెతికాడు. లేదు. తీసుకొచ్చినవారు అత్త అని ఉంది, అంతే. అతను ఇబ్బందిగా, తాను రికార్డులో ఉన్నదే తీసుకోగలనని, కొత్తది చేర్చడం తన చేతిలో లేదని చెప్పాడు. ఆమె వాదించలేదు. సంతకం పెట్టి, మీ పెద్దోళ్ళను అడిగి చూడుండ్రి సారూ అని వెళ్ళింది. ముసలామె మాత్రం సిగ్గుపడి, నాదేమున్నదని రాయాలె అంటూ ముందే బయటికి నడిచింది.

అతను నిజంగానే అడిగాడు. నగరంలో ఎవరెవరిని ఎలా ఒప్పించాడో కానీ, కొన్నాళ్ళకు అనుమతి తెచ్చుకుని వచ్చాడు. రికార్డు ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళను ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు. నీకు బాగాలేదని మొదట ఎవరు కనిపెట్టారు, అప్పుడు వాళ్ళేం చేశారు? ఆ ప్రశ్న వేసి అతను నిలబడి ఉండలేకపోయేవాడు. కూర్చోవలసి వచ్చేది. అంతంత సేపు చెప్పేవాళ్ళు జనం. తోడికోడలు, బడి పంతులు, ఒక ఆటో నడిపే అతను, పక్క చేను రైతు. వైద్యమంతా మా గదిలోనే జరుగుతుందని అనుకునే మాకు, మా గదిదాకా మనిషిని తెచ్చినవాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పుడు తెలిసింది. ఫార్మసిస్టు మందుల పెట్టె సర్దడం మానేసి వినేవాడు. ఆ కుర్రవాడు మా దగ్గర పని ముగించుకుని వెళ్ళేనాడు, కోడలితో మందులకు వచ్చిన ఆ అత్త కాళ్ళకు దండం పెట్టబోతే, ఆమె పక్కకు తప్పుకుంది.

నేను రిటైరయ్యేముందు వార్డుకు ఒక కొత్త బాలింతను తెచ్చారు. అదే జబ్బు. మందులతో నిద్ర పట్టింది, గొంతులు తగ్గాయి, కానీ మాట లేదు, తిండి లేదు. బిడ్డను చూపిస్తే గోడవైపు తిరిగేది. తాను చేయబోయింది గుర్తొచ్చి, ఇక ఆ బిడ్డకు తను తల్లిని కాదని తీర్మానించుకుంది. మేం చెప్పినవేవీ ఆమెలోకి వెళ్ళలేదు. అప్పుడు డాక్టరమ్మ చొప్పదండి దగ్గరి ఆ తల్లికి ఫోను చేసి, ఇష్టమైతేనే రమ్మని, రాకపోయినా ఫరవాలేదని చెప్పింది.

ఆమె మర్నాడే బస్సెక్కి వచ్చింది. కాగితాల మీద పేరు ఉండదని ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్న మనిషి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, బావి సంగతి చెప్పింది. ఆ బాలింత అటు తిరిగే వింది. చాలాసేపటికి, గోడనే చూస్తూ అడిగింది.

"ఇప్పుడు నీ బిడ్డ నీ దగ్గరికి వస్తదా అక్కా?"

ఆమె నవ్వింది. "రాకేం జేస్తది? గంత పొడుగు పెరిగింది, ఇంకా జడ ఏసుకోరాదు దానికి. సెలవులకు ఇంటికొస్తే పొద్దుగాల లేస్తనే దువ్వెన పట్టుకొని నా ముంగట్నే కూసుంటది."

ఆ బాలింత ఇటు తిరిగింది. బిడ్డ వైపు ఇంకా చూడలేదు. కానీ నేను పళ్ళెం అందిస్తే, రెండు ముద్దలు తిన్నది.